మూడు కొమ్ముల పెట్టె

ఇలా రా, ఆ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చో. చేతిలో ఆ ఫోను కాసేపు బోర్లా పెట్టు. అక్క మీద ప్రేమతో ఒక్క స్విచ్చు బిగించబోయి, వీధి మొత్తాన్ని ఇళ్ళలోంచి బయటికి రప్పించిన ఒక తమ్ముడి కథ చెబుతాను. ఇందులో ఏడుపే ఎక్కువ. నవ్వొస్తే మాత్రం ఆపుకోకు.

మన వరసలో చివరి ఇల్లు చిన్నోడిది. తల మీద వెంట్రుకలన్నీ ఎప్పుడో సెలవు తీసుకున్నాయి, మోకాళ్ళు లేచినప్పుడొక మాటా కూర్చున్నప్పుడొక మాటా అంటున్నాయి, అయినా అక్క పిలిచే పిలుపు కాబట్టి వీధందరికీ అతను చిన్నోడే. ఫ్యాన్లు బాగుచేస్తాడు. తిరగని ఫ్యాన్‌ని తిప్పడంలో, కీచుమనే ఫ్యాన్ నోరు మూయించడంలో మంచి పనివాడు. అక్కని అందరూ టైపు అక్కయ్య అంటారు. పెద్ద ఆఫీసులో టైపిస్టుగా చేసింది. అధికారి నోట్లో మాట పూర్తయ్యేలోపే కాగితం మీద చుక్క పెట్టేసేదట. ఎవరైనా పెళ్ళి సంగతి ఎత్తితే "ముందు ఈ పేజీ అవనివ్వండి" అనేదట. ఆ పేజీ అయ్యిందీ లేదు, ఆవిడ తమ్ముడింట్లో తన గది వదిలిందీ లేదు.

కిందటేడు ఆవిడకి పక్షవాతం వచ్చింది. కాలు కొంత తేరుకుంది. మాట కూడా తేరుకుంది, కాస్త ఎక్కువగానే తేరుకుందని మరదలి అభిప్రాయం. ఎడమ చేయి మాత్రం వేళ్ళు ముడుచుకుని, ఎవరో మరిచిపోయి వెళ్ళిన వస్తువులా ఒళ్ళో ఉండిపోయింది. "నెమ్మదిగా టైపు చేసినా పర్లేదమ్మా, మేం సర్దుకుంటాం" అని అధికారి జాలిపడి కబురు పెడితే, మర్నాడే రాజీనామా పంపించేసింది. అదీ ఆవిడ తత్వం. కొడితే ఓర్చుకుంటుంది, జాలిపడితే ఓర్చుకోదు.

వ్యాయామం నేర్పే అమ్మాయి వచ్చి రబ్బరు బంతి ఇచ్చి పిసకమంది. అక్కయ్య కుడిచేత్తో దాన్ని కిటికీలోంచి విసిరింది. ఆ అమ్మాయి బంతి వెతుక్కుని, గుమ్మం దగ్గర చిన్నోడితో మెల్లగా చెప్పింది. "ఈ వానాకాలం పోయేలోపు ఆ వేళ్ళు కదపకపోతే ఇక ఎప్పటికీ అలాగే ఉండిపోతాయండీ. ఆవిడకి ఇష్టమైన పనేదైనా ఉందేమో చూడండి."

ఇష్టమైన పని ఒకటుంది. అక్కయ్య గదిలో ఒక పాత వీడియో గేము పెట్టె ఉంది. ఓడలో పనిచేసే వాళ్ళెవరో వేరే దేశం నుంచి తెచ్చిచ్చింది. అందులో ఒక పడవ, ఒక నది, నది నిండా రాళ్ళు. చేత్తో పట్టుకునే రిమోటు మీద ఎడమ బొటనవేలితో పడవని తిప్పాలి, కుడి వేలితో గెంతించాలి. చివర్న జలపాతం. చిన్నప్పటి నుంచీ ఆ జలపాతం దాటింది అక్కయ్య ఒక్కతే. చిన్నోడి పడవ ఎప్పుడూ నది మధ్యలోనే మునిగేది. జబ్బు చేశాక ఒక రోజు ఆవిడ మళ్ళీ ఆ గేము ముట్టుకుంది. మొదటి రాయికే పడవ పగిలింది. ఆవిడ రిమోటు విసిరేస్తే బాగుండేది, కానీ మెల్లగా కింద పెట్టి గోడవైపు తిరిగి పడుకుంది. గుమ్మంలోంచి చిన్నోడు అది చూశాడు.

రేడియోలు బాగుచేసే స్నేహితుడి దగ్గరికి పరిగెత్తాడు. "ఆ పడవని కాస్త నెమ్మదిగా నడిపించలేమా? ఫ్యాన్‌కి రెగ్యులేటర్ పెట్టినట్టు?"

"ఎందుకు నడిపించలేం! ఈ పెట్టెలు దేశానికో రకం. కొన్ని దేశాలవి వేగంగా ఆడతాయి, కొన్ని దేశాలవి ఒక పిసరు నెమ్మది. మీ అక్కది వేగం రకం. లోపల చిప్పు కాలొకటి పైకెత్తి మీట స్విచ్చు కలిపావనుకో, ఇటు వంచితే వేగం, అటు వంచితే నెమ్మది. కొత్తవాళ్ళకి ఆ తేడా తెలీను కూడా తెలీదు."

"వేళ్ళు సరిగా రానివాళ్ళకి?"

"వాళ్ళకి కాస్త ఊపిరాడుతుంది."

చిన్నోడికి అంతే కావాలి. సెలవు రోజు పొద్దున్నే అక్కయ్య టిఫిన్ తిని కునుకు తీస్తుంటే, ఆ పెట్టెని చొక్కా కింద దాచుకుని వంటగదిలోకి తెచ్చేశాడు. భార్యతో, "గంటలో అయిపోతుంది. అక్క లేచేసరికి దాని చోట అది ఉంటుంది. స్విచ్చు వెనకవైపు పెడతా, కనపడదు. అక్క నెమ్మదిగా ఆడి గెలుస్తుంది, గెలిస్తే ఇంకా ఆడుతుంది, ఆడితే వేళ్ళు కదులుతాయి. తెలిసిందో, చచ్చినా ముట్టుకోదు" అన్నాడు.

"మా కుక్కరు మూత కూడా గంటలో అయిపోతుందనే విప్పారు" అంది ఆవిడ. ఆ మూత ఇప్పటికీ విప్పే ఉంది.

మొదటి చిక్కు స్క్రూల దగ్గరే వచ్చింది. ఆ పెట్టె స్క్రూల తలలు మన దగ్గర దొరికే ఏ స్క్రూడ్రైవరుకీ లొంగేవి కావు. దానికో కిటుకు చెప్పాడు స్నేహితుడు. ప్లాస్టిక్ పెన్ను గొట్టం కొన కాల్చి మెత్తబడగానే స్క్రూ మీద అదిమి, చల్లారాక తిప్పాలి. చిన్నోడు పొయ్యి వెలిగించి పెన్ను కాల్చాడు. నల్లటి పొగ వంటింటి కిటికీలోంచి బయటపడి, నేరుగా పైవాటాలో ఉండే పెద్దాయన ముక్కులోకి వెళ్ళింది.

ఆయన ఫైరింజను వాళ్ళ దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. రిటైరైన రోజు నుంచీ ఈ వీధిలో ఒక్క ఇల్లు కూడా అంటుకోలేదని ఆయనకి లోలోపల బెంగ. మెట్ల కింద ఎర్ర బకెట్లో ఇసక ఎప్పుడూ సిద్ధంగా ఉంచుతాడు. ఇంకేముంది, బకెట్టుతో సహా వంటింట్లోకి వచ్చేశాడు.

"ఎక్కడ మంట? మంట ఎక్కడ?"

"మంటేం లేదండీ బాబూ, పెన్ను కాలుస్తున్నా!"

"అన్నీ పెన్నుతోనే మొదలవుతాయి" అంటూ ఆయన బకెట్టు మొత్తం బల్ల మీద కుమ్మరించాడు. అప్పుడే మూత ఊడిన గేము పెట్టె ఆ ఇసకలో పూడిపోయింది. "కంగారు పడకండి, అదుపులోకి వచ్చింది" అని చెప్పి, ఖాళీ బకెట్టుతో గర్వంగా పైకెళ్ళాడాయన.

చిన్నోడు ఏడవలేక, ఇసకని పెయింటు బ్రష్షుతో ఊడుస్తూ స్నేహితుడికి ఫోను చేశాడు. లోపల ఇసక ఎక్కడ చేరిందో, రిమోటు గుచ్చే రెండు చోట్లలో ఎడమది ప్లగ్గు దిగకుండా బిగుసుకుపోయింది. అప్పటికే అక్కయ్య మేలుకుంది. బల్ల మీద పెట్టె లేకపోయేసరికి గోడ పట్టుకుని మెల్లగా వంటగది వైపు వస్తోంది. కర్టెన్ అవతల నుంచి తమ్ముడి గొంతు వినిపించి ఆగింది.

"ఏం చెప్పను రా, పాతదైపోయింది కదా. కుడిపక్క బానే ఉంది, ఎడమపక్క బిగుసుకుపోయింది... ఆ, నెమ్మదిగా నడిచినా చాలు, మనకి పరుగులక్కర్లేదు... లేదు లేదు, అక్కకి మాత్రం తెలియకూడదు, తెలిస్తే ఇల్లు పీకి పందిరేస్తుంది... బాగవకపోతే చేసేదేముంది, పాత సామాన్ల బండికి ఇచ్చేయడమే."

అక్కయ్య కర్టెన్ తియ్యలేదు. ఎంత మెల్లగా వచ్చిందో అంత మెల్లగా వెనక్కి వెళ్ళింది. మంచం కింది సూట్‌కేసు కాలితో లాగి, ఒక్క చేత్తో బట్టలు సర్దడం మొదలుపెట్టింది. సర్దడం అయితే అయింది గానీ, ఆ సూట్‌కేసుకి రెండు గొళ్ళేలు. రెండూ రెండు చేతులతో ఒకేసారి నొక్కితే గానీ పడవు. ఆవిడ మోకాలితో నొక్కింది, మోచేత్తో నొక్కింది, చివరికి దాని మీద కూర్చుంది. ఒక గొళ్ళెమే పడింది. రెండో వైపు నుంచి దుప్పటి కొస నాలుకలా బయటికి వేలాడుతూ ఉండిపోయింది. ఈ ముక్క తరవాతెప్పుడో తానే మరదలితో చెప్పుకుంది, లేకపోతే మనకెలా తెలుస్తుంది!

వంటింట్లో ఈ సంగతేమీ తెలియదు. చిన్నోడు బిగుసుకున్నదాన్ని వదులు చేశాడు, చిప్పు కాలు పైకెత్తాడు. చీమ కాలంత ఉందది. ఫ్యాన్లకి వాడే లావుపాటి సీసం అతుకుల కడ్డీతో దానికి తీగ అతికించేసరికి అతని ప్రాణం ఎక్కడికెక్కడికో వెళ్ళి వచ్చింది. ఇక మిగిలింది స్విచ్చుకి కన్నం. ఇంట్లో ఉన్న డ్రిల్లేమో పైకప్పుకి ఫ్యాను కొక్కేలు దిగ్గొట్టేది. పెట్టె వెనక ఆనించి మీట నొక్కాడో లేదో, కన్నం గుంటలా పడింది. స్నేహితుడిచ్చిన చిట్టి స్విచ్చు అందులోంచి లోపలికి జారిపోయింది.

"ఏమైంది?" అంది భార్య.

"కన్నం కాస్త పెద్దదైంది. షాపులో మోటారు స్విచ్చులున్నాయి, సరిపోతాయి."

మోటారు స్విచ్చు అందులో బిగించాడు. బిగించాక చూస్తే దాని కాళ్ళు లోపలి పలకకి తగులుతున్నాయి. అందుకని పక్కన ఇంకో కన్నం వేశాడు. అది వంకరగా పోయింది. మూడోది ఆ రెంటి మధ్యా వేశాడు. అసలు స్విచ్చు నడిమి కన్నంలో కుదిరింది. అటూ ఇటూ కన్నాలు బోసిగా ఉంటే ఇసక మళ్ళీ లోపలికి పోతుందని, వాటిలోనూ ఉత్తుత్తి స్విచ్చులు రెండు బిగించేశాడు. ఎవరికీ కనపడకూడదనుకున్న స్విచ్చు చివరికి పెట్టె వెనక మూడు కొమ్ములై మొలిచింది. నడిమి కొమ్ము పక్కన భార్య గోళ్ళరంగుతో ఎర్రచుక్క పెట్టాడు. అటు వంచితే నెమ్మది. ఆడించి చూద్దామంటే, ఆ పాత పెట్టె తీగ పట్టే టీవీ అక్కయ్య గదిలో ఉన్నదొక్కటే.

సరిగ్గా అప్పుడే అక్కయ్య సూట్‌కేసు ఈడ్చుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. మెట్లు దిగలేక పైవాటా పెద్దాయన వైపు చూసి, "అన్నయ్యగారూ, ఇది కాస్త గేటు దాకా దింపుతారా? నేనీ ఇంట్లో ఉండను" అంది.

పెద్దాయన ముక్కుకి అప్పటికే అతుకుల పొగ తగిలింది. కాలు బాగాలేని మనిషి సామానుతో ఇల్లు వదిలి పోతోందంటే ఆయనకి ఒకటే అర్థం. సూట్‌కేసు గేటు అవతల పడేసి, జేబులోంచి ఈల తీసి ఊపిరంతా పెట్టి ఊదాడు. "అందరూ బయటికి రండి! ఎవరూ తొక్కుకోకండి! ముందు ముసలివాళ్ళు!"

వీధి వీధంతా కదిలింది. టైలరు ఒక చెయ్యి కుట్టిన కోటుతో పరిగెత్తుకొచ్చాడు, ఆ కోటు వేసుకుని కొలత చూసుకుంటున్నాయన కూడా దాంతోనే వచ్చాడు. సగం తల దువ్వుకున్న కోడలు దువ్వెనతో సహా వచ్చింది. ఎదురింటావిడ నిద్రపోతున్న మొగుణ్ణి మరిచిపోయి చేపల తొట్టె పట్టుకొచ్చింది. ఆ మాట మీద ఆ ఇంట్లో ఇప్పటికీ గొడవే. ఈ గోలకి చిన్నోడు చేతిలో మూడు కొమ్ముల పెట్టెతో బయటికొచ్చాడు. గేటు దగ్గర అక్క. అక్క పక్కన నాలుక బయటపెట్టిన సూట్‌కేసు.

"అక్కా! ఎక్కడికే?"

"పాత సామాన్ల బండి ఎటు పోతే అటు."

చిన్నోడు ఒక చేత్తో సూట్‌కేసు పిడి పట్టుకున్నాడు.

"పాతదాన్నైపోయాను కదరా. ఒక పక్కే పనిచేస్తోంది. నెమ్మదిగా నడిచినా చాలన్నావు. అదిగో, నడుస్తున్నా. నెమ్మదిగానే" అంది ఆవిడ.

మరదలు లబలబలాడింది. "అయ్యో వదినా, ఆ మాట మిమ్మల్ని కాదు, ఈ గేము పెట్టెని! ఒట్టు!"

అక్కయ్య పెట్టె వంక చూసింది. మూడు కొమ్ములూ చూసింది. "దీన్నా? దీని సంగతి నాకు తెలియకూడదెందుకు?"

నిజం చెబితే జాలిపడ్డాడని తెలిసిపోతుంది. ఆ పెట్టెనిక ముట్టదు, ఆ వేళ్ళిక తెరుచుకోవు. చెప్పకపోతే ఇల్లే వదిలిపోతుంది. చిన్నోడు ఆకాశం వంక చూశాడు. అక్కడ ఒక మబ్బు కనిపించింది.

"పిడుగులు" అన్నాడు.

"ఏం పిడుగులు?"

"వానాకాలం కదా అక్కా. పిడుగు పడితే పెట్టె మాడిపోకుండా స్విచ్చులు పెట్టాను. ముందే చెబితే నువ్వు భయపడతావని..."

"నేను? పిడుగులకి?" అని ఆగింది. "మూడెందుకు?"

"ఒకటి పిడుగుకి. ఒకటి మెరుపుకి."

"మూడోది?"

"ఉరుముకి."

పెద్దాయన ఈల నోట్లోంచి తీసి, "ఉరుముకి పెట్టడం చాలా మంచిదమ్మా, చాలామంది అశ్రద్ధ చేస్తారు" అన్నాడు గంభీరంగా.

అక్కయ్యకి నమ్మకం కలగలేదు గానీ కోపం మాత్రం వచ్చింది. "బాగున్నదాన్ని విప్పి కొమ్ములు పెట్టాడు, నా పడవని ఏం చేశాడో! పదండి, చూస్తా" అంటూ లోపలికి నడిచింది. వెనకాల టైలరు, కోటు, దువ్వెన, చేపలు, అందరూ ఆవిడ గదిలోకి వచ్చేశారు. చిన్నోడు తీగలు తగిలించి, ఎవరూ చూడకుండా నడిమి మీటని ఎర్రచుక్క వైపు వంచాడు.

పడవ బయల్దేరింది. మొదటి రాయి. పగిలింది. మళ్ళీ బయల్దేరింది. మళ్ళీ అదే రాయి. మునిగినప్పుడల్లా ఆ పెట్టె ఒక ఏడుపు రాగం తీస్తుంది. నలుగురి ముందు ఆ రాగం వస్తూనే ఉంది, ముడుచుకున్న ఆ ఎడమ బొటనవేలు రిమోటు మీద జారిపోతూనే ఉంది. కాసేపటికి చేపల తొట్టె పట్టుకున్నావిడ కళ్ళు తుడుచుకోవడానికి తొట్టె దించింది. "పాపం" అన్నారెవరో. మెల్లగానే అన్నారు, కానీ ఆవిడ చెవికి టైపు మిషను మోతలో ఒక్క అక్షరం తప్పినా తెలిసేది, ఈ మాట వినపడదా!

"అందరూ బయటికి పొండి" అంది. తలుపు వేసేసింది.

చిన్నోడు గుమ్మం మెట్టు మీద కూలబడ్డాడు. తలుపు వెనక నుంచి అదే రాగం, పడవ మునిగినప్పుడల్లా. "నెమ్మది చేసినా రావట్లేదే. నెమ్మది చేసినా కూడా! ఇంక ఆ చెయ్యి రాదు. అనవసరంగా ఆశపడి, పదిమందిలో అక్క పరువు కూడా తీసేశాను" అని భార్య ముందు బావురుమన్నాడు. పెట్టెని మళ్ళీ విప్పి ఇంకా నెమ్మది చేయడానికి దారుందా అని అడిగితే, స్నేహితుడు లేదన్నాడు. ఆ రోజు ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు. ఏడుపు రాగం మాత్రం ఆగలేదు.

మర్నాడూ ఆగలేదు. ఆ మర్నాడు కూడా. ఆడి గెలుద్దామని కాదు, "పాపం" అన్న మాట మీద కసితో ఆడుతోంది. "చెయ్యి బాగానే ఉంది, నీ పెట్టే పాడైంది" అని తమ్ముణ్ణి తిడుతూ ఆడుతోంది. చిన్నోడు తలుపు బయట నిలబడి తిట్లు తిని, కళ్ళనీళ్ళు పెట్టుకుని షాపుకి పోయేవాడు. అలా ఒక వాన వెలిసింది, ఇంకోటి మొదలైంది. ఒక రోజు రాగం కాస్త ఆలస్యంగా వచ్చింది. రెండో రాయి దగ్గరన్నమాట. ఇంకొన్నాళ్ళకి నది మధ్యకి వెళ్ళాక వచ్చింది. వ్యాయామం నేర్పే అమ్మాయి కొత్త బంతితో వస్తే, అక్కయ్య దాన్ని ఈసారి ఎడమచేత్తో విసిరింది. ఆ అమ్మాయి ఎగిరి గంతేసింది. వానాకాలం చివర్లో, లోపలి నుంచి ఇంతవరకూ ఎవరూ వినని హుషారైన పాట వినిపించింది. జలపాతం దాటేసింది!

చిన్నోడి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఫ్యాను బాగుచేయించుకోవడానికి వచ్చిన ప్రతివాడి చెవిలోనూ, "మా అక్కకి తెలీదు గానీ, నేను నెమ్మది చేయబట్టే" అని రహస్యంగా చెప్పుకున్నాడు.

తరవాతొక రోజు గేము నడుస్తుండగానే అక్కయ్య పెట్టె వెనక దుమ్ము దులుపుతుంటే, గుడ్డ తగిలి నడిమి మీట చుక్క లేని వైపుకి వంగింది. తెర మీద పడవ నీరసంగా సాగింది, పాట మెత్తబడింది. ఆవిడ చెవి దగ్గర అది దాగుతుందా! మీట ఇటు వంచింది, అటు వంచింది. ఎర్రచుక్క వైపు వంచితే ఆవిడకి ఎప్పటినుంచో తెలిసిన వేగమే. రెండో వైపుకే నెమ్మది. "ఏమ్మాయ్, ఇది నీ గోళ్ళరంగే కదూ?" అని మరదల్ని పిలిచింది. ఆవిడ ఇక దాచలేక మొత్తం కక్కేసింది.

జరిగిందేమిటంటే, ఆ రకం మీట తల ఎటు వంగుతుందో, లోపల దాని పాదం సరిగ్గా ఎదురువైపుకి తన్నుతుంది. పిల్లలూగే తూగుబల్లలా అన్నమాట. ఫ్యాన్ రెగ్యులేటర్లు తిప్పిన చెయ్యి కదా, తల ఉన్నవైపే తీగ అనుకుని చిన్నోడు చుక్క ఆ పక్కన పెట్టేశాడు.

"అంటే నాకు వాడు సాయమే చెయ్యలేదా? నా వేగంలోనే ఆడానా?" అంది అక్కయ్య.

"అవును వదినా. మొదటి రాయి నుంచీ."

అక్కయ్య లేచింది. మంచం కింది నుంచి సూట్‌కేసు లాగి, ఖాళీదాన్నే మూసి, రెండు చేతులతో రెండు గొళ్ళేలూ ఒక్కసారి నొక్కింది. టక్కుమని రెండూ పడ్డాయి. మళ్ళీ తెరిచి, మళ్ళీ నొక్కింది. తరవాత దాన్ని ఎక్కడిదక్కడ తోసేసి, "వాడికి చెప్పకు. వాడి ముఖంలో ఇంత వెలుగు నేనెన్నడూ చూడలేదు" అంది.

ఇప్పుడు రోజూ సాయంత్రం అక్కాతమ్ముళ్ళు వంతులేసుకుని ఆడతారు. అక్క వంతు రాగానే చిన్నోడు దొంగచాటుగా మీటని ఎర్రచుక్క వైపు వంచుతాడు, పాపం ఆవిడకి నెమ్మది కావాలి కదా అని. తన వంతుకి మాత్రం మగాడిలా అసలు వేగమే అనుకుని రెండో వైపు వంచుకుంటాడు. జన్మలో మొదటిసారి మొన్న జలపాతం దాటి, ఆ సంగతి వీధి చివరిదాకా వెళ్ళి చెప్పొచ్చాడు. అక్కయ్య చప్పట్లు కొట్టింది, రెండు చేతులతో.

ఈ కథ బాగా గుర్తుపెట్టుకో. నీకు పిల్లలు పుడితే వాళ్ళకి చెప్పు, బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళకి చెప్పు, నచ్చితే రెండు ముక్కలు కలిపి చెప్పినా నేనేమీ అనుకోను.

ఫ్యాను బాగుచేయించుకోవడానికి వెళ్ళినప్పుడు మాత్రం చెప్పకు.